చెయ్యి పడిన కూజా

మార్చి 1, శనివారం

ఎవరూ అడగని సంగతి చెప్పకుండా ఊరుకుంటే అది అబద్ధమవుతుందా?

పెళ్ళయిన కొత్తలో వెండెల్ వెంట పాత సామాన్ల సంతలు తిరగడం మొదలుపెట్టినప్పుడు పట్టుకుంది నన్నీ ప్రశ్న. అప్పట్లో సరదాగానే ఉండేది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా వాదించుకుని, ఇల్లు రాగానే వాదన కారులోనే వదిలేసి దిగేవాళ్ళం. ఇవాళ అది మా వెంట ఇంట్లోకి వచ్చింది.

నది అవతల ఎవరో పెద్దాయన పోతే ఇల్లు ఖాళీ చేస్తున్నారని వెండెల్ పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నానికి అట్టపెట్టెతో వచ్చి, దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. తను పనిచేసే టైల్స్ ఫ్యాక్టరీ మూతబడి, పాత కూజాలు కొని అమ్మడమే బతుకుదెరువయ్యాక ఆ ముఖం నేను మళ్ళీ చూడలేదు.

"ముందు కూర్చో," అన్నాడు.

"కూర్చునేంత గొప్పదా?"

"కూర్చో గ్రెచెన్."

ఆల్డర్ రన్ అనే పాత కుండల కార్ఖానాలో చేసిన కూజా. నాచు పట్టిన రాయి రంగు. మెరుపన్నది లేని ఆ పచ్చ, పడిన వెలుతురునంతా మింగి తిరిగివ్వని పచ్చ. అడుగు నుంచి రెల్లు ఆకులు లేచి మెడ దాకా ఒత్తుకుని ఉన్నాయి. మెడ పైన మాత్రం ఎవరో కొరికి ఉమ్మేసినట్టు మూతి సగం లేదు. మిగిలిన సగమంతా బీటలు.

"అయ్యో," అన్నాను.

"మూతి చూసి ఏడవకు. అడుగు చూడు."

తిప్పాను. అడుగున, మట్టి తడిగా ఉన్నప్పుడు పుల్లతో గీసిన పిట్టపాదం. ముందు మూడు వేళ్ళు, వెనక ఒకటి.

ఆ గుర్తుని ఇంతకుముందు ఎప్పుడూ కూజా మీద చూడలేదు. కానీ మా కూజాల బృందంలోని లుయెల్లా కాగితం రుమాళ్ళ మీద గీసి గీసి చూపించడంతో మా అందరికీ కంఠతా వచ్చేసింది. వాళ్ళ అమ్మమ్మ టిల్డా గుర్తు అది. ఆల్డర్ రన్‌లో పచ్చిమట్టి మీద ఆకులు అద్దే అమ్మాయిల్లో టిల్డా ఒకతె. చేసిన కూజాల్లో ఒకటైనా కొనుక్కునే స్తోమత ఆ అమ్మాయిల్లో ఎవరికీ లేదు. తర్వాత ఆ కార్ఖానా కాలిపోయింది. లుయెల్లా పుట్టకముందే టిల్డా పోయింది. బడి బస్సు నడిపినన్నాళ్ళూ, రిటైరయ్యాకా, లుయెల్లా వెతుకుతూనే ఉంది.

నేను ఫోను దగ్గరికి వెళ్ళాను.

"ఆగు," అన్నాడు వెండెల్. "ఈ మొహంతోనా చూపిస్తావు ఆవిడకి? బ్రతుకంతా ఎదురుచూసిన మనిషికి పళ్ళూడిన అమ్మమ్మని చూపిస్తావా? నాలుగు వారాలు నాకియ్యి. మూతి కట్టి అప్పుడు పిలుద్దాం."

"మెరవని పూతని అతకడం ఎవరివల్లా కాదంటావుగా."

"ఇప్పటిదాకా నేనూ చెయ్యలేదు. ఇదే మొదలు. ప్రయత్నిస్తే పోయేదేముంది?"

సరే అన్నాను. దయతో అన్న మాటే అనిపించింది. ఇది రాస్తున్నప్పుడూ అలాగే అనిపిస్తోంది.


మార్చి 9

కింద బేస్‌మెంట్‌లో రోజంతా రంగు చల్లే గాలి మోటారు చప్పుడు. అన్నానికి రమ్మంటే, "పూత ఆరాలి," అంటాడు. మనిషి సంతోషంగా ఉన్నాడు.


మార్చి 16, ఆదివారం

ఇవాళ చర్చి కింది హాల్లో బృందం కలిసింది. ఎప్పటిలాగే పొడుగాటి బల్లలు, బంగాళాదుంప ముద్ద మీద పోసిన చికెన్ నూడుల్స్, ఒట్టో తెచ్చిన పుల్లటి క్యాబేజీ, దాన్ని ముట్టుకోకుండా మెచ్చుకునే మేమందరం. తింటూనే ఎవరి కూజా వాళ్ళు బల్ల మీద పెట్టడం.

కొలంబస్ నుంచి కొత్తగా వచ్చి చేరిన పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఒట్టో తన గోధుమరంగు కూజా బల్ల మీద పెట్టి చెయ్యి తీశాక డాక్టరు దాన్ని ఎత్తాడు. అటూ ఇటూ తిప్పి, బాగుచేసిన సరుకేమోనని సంతల్లో అడిగే మాటని మామూలుగా అడిగేశాడు. "దీని మీద చెయ్యి పడిందా?"

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఒట్టో చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఈ బృందం మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు.

లుయెల్లానే అందుకుంది. "డాక్టరుగారూ, మిమ్మల్ని ఎవరన్నా భోజనానికి పిలిస్తే కూరలో ఎలుకలమందు కలిపారా అని అడిగి తింటారా?"

"అది కాదండీ. అడక్కపోతే ఎలా తెలుస్తుంది? అతుకు ఉండొచ్చు, రంగు వేయించి ఉండొచ్చు…"

"సంతలో అడగండి. వేలంలో అడగండి, రెండుసార్లు అడగండి. ఇక్కడ మాత్రం అడగం. ఇక్కడ అడిగితే మనిషిని దొంగ అన్నట్టే. చెప్పాల్సింది ఉంటే వాళ్ళే ముందు చెప్తారు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏమీ లేదని అర్థం. మీరు పళ్ళు పీకేటప్పుడు నేను నోరు తెరవడం లేదూ? ఇదీ అంతే."

అందరూ నవ్వారు. డాక్టరు ఒట్టోకి క్షమాపణ చెప్పాడు. నేను వెండెల్ వైపు చూశాను. నూడుల్స్ మీద మిరియాలపొడి చల్లుకుంటున్నాడు. చల్లుతూనే ఉన్నాడు.

తర్వాత లుయెల్లా నా పక్కకొచ్చి కూర్చుంది. "ఈ వసంతంలో కూడా ఏమీ దొరకలేదమ్మాయ్. ఇంక నా కళ్ళు కూడా సరిగా కనపడటం లేదు. అమ్మమ్మ ఫొటో ఒక్కటుందా, అందులోనూ టోపీ నీడ ముఖం మీద పడింది. నా దగ్గర ఆవిడది ఒక గుండీ కూడా లేదు, తెలుసా."

నా నోటిదాకా వచ్చింది. బల్ల కింద వెండెల్ బూటు నా పాదం మీద ఆనింది. నొప్పి పుట్టేలా కాదు.

కారులో అడిగాను. "విన్నావుగా?"

"విన్నాను. చెప్తాలే."

"ముందే చెప్తావా?"

"చెప్తానన్నానుగా గ్రెచ్."


మార్చి 21

కాలేజీ క్లాసులో పిల్లలకి చెప్పాను: పాత ఉత్తరాలు చదివేటప్పుడు ఏం రాశారన్నదే కాదు, ఏం రాయలేదో కూడా చూడండి అని. ఒక అమ్మాయి, రాయనిది ఎలా చూస్తామండీ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.


ఏప్రిల్ 2, బుధవారం

అయిపోయింది.

కాలేజీ నుంచి వచ్చేసరికి కూజా వంటింటి కిటికీ పక్కన ఉంది. మూతి కట్టాడు. కొంచెం లోపలికి ముడుచుకుని మళ్ళీ బయటికి విచ్చుకున్న మూతి, ఆ కాలపు ఆల్డర్ రన్ మూతి. ఎండలో పెట్టి చూశాను, నీడలో పెట్టి చూశాను. పాతది ఎక్కడ ఆగిందో, వెండెల్ ఎక్కడ మొదలయ్యాడో తెలియలేదు.

"పళ్ళతో చూడు," అన్నాడు, సవాలు చేస్తున్నట్టు.

మా బృందంవాళ్ళు బయటి సరుకుని అలాగే చూస్తారు. అంచుని ముందుపళ్ళకి ఆనిస్తే కాల్చిన మట్టి చల్లగా తగిలి టిక్కుమంటుంది. అతుకు గోరువెచ్చగా, మొద్దుగా ఉంటుంది. కంటినీ వేలినీ మోసం చెయ్యొచ్చు కానీ పంటిని చెయ్యలేరు.

"ఇంట్లోదాన్ని పళ్ళతో చూడటమేమిటి," అన్నాను.

"అయితే నెగ్గినట్టేగా నేను." మెచ్చుకోలు కోసం నా ముఖమంతా వెతికాడు. నిజంగానే అద్భుతంగా చేశాడు. ఆ మాట చెప్పాను. చెప్పి, "ఈస్టర్ వెళ్ళాక లుయెల్లాని పిలుద్దాం. ఆవిడ కూర్చోగానే నువ్వు చెప్పెయ్యి. తర్వాత కాఫీ తాగుదాం," అన్నాను.

వెండెల్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

"అడిగితే చెప్తాను," అన్నాడు.

"ఆవిడ అడగదు. నీకు తెలుసు అడగదని."

"అయితే ఆవిడకి అక్కర్లేదన్నమాట."

"వెండెల్, మొన్న నువ్వు—"

"మొన్న ఇది ఇంతబాగా వస్తుందని నాకు తెలీదు. ఇప్పుడు ఆలోచించు. లుయెల్లాకి చెప్పానే అనుకో. ఆవిడ మంచిదే, కానీ ఆవిడ నోరు బడి బస్సు హారన్. వారంలో ఒట్టోకి తెలుస్తుంది, నెలలో రాష్ట్రమంతా తెలుస్తుంది. వెండెల్ మెరవని పచ్చని అతకగలడు, కనిపెట్టలేం అంటారు. ఆ తర్వాత నా చేతిలోది ఎవడు కొంటాడు? కడిగిన ముత్యంలాంటిది తెచ్చినా నమ్మరు. ఇదివరకు కొన్నవాళ్ళు కూడా ఇంటికెళ్ళి పళ్ళకి ఆనించుకుంటారు."

అది నిజం. ఫ్యాక్టరీ పోయాక వెండెల్‌కి మిగిలింది అతని మాట మీద ఉన్న నమ్మకమే. మా ఇల్లు సగం నడుస్తున్నది దాని మీదే.

"అయినా ఆవిడకి కావాల్సిందేమిటి?" అన్నాడు, గొంతు తగ్గించి. "వాళ్ళ అమ్మమ్మ చెయ్యి. అది అడుగున ఉంది, ఆకుల్లో ఉంది. ఒక్క ఆకుని నేను ముట్టుకోలేదు. పైన ఒక మూతి నాదైతే ఆవిడకొచ్చిన నష్టమేమిటి? మూతితో ఆవిడకేం పని?"

మూతితో ఆవిడకేం పని. సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నాను. తప్పని చెప్పలేకపోతున్నాను. విరిగిన కూజా ఇంటికి తీసుకెళ్ళి రోజూ చూసి బాధపడేకంటే, నిండు కూజా చూసి సంతోషపడటం మేలు కాదా? ఆవిడకి డెబ్భై దాటాయి. ఇందులో పాపం ఎవరికి?

వెండెల్ ఒక్క సంగతి చెప్పలేదు. ఆవిడకి నష్టం లేకపోతే చెప్పడానికి ఎందుకు భయం.


ఏప్రిల్ 3

నాకు కోపంగా లేదు.


ఏప్రిల్ 13, ఆదివారం

వెండెల్ ఒట్టోతో సంతకి వెళ్ళాడు. ఇల్లంతా ఎండ. అల్మారా దుమ్ము తుడుద్దామని కూజాలన్నీ భోజనాల బల్ల మీదికి దించాను. అందుకోసమే దించాను.

మొదట గోధుమరంగుది. దాన్ని ఎందుకు పైకెత్తానో తెలియదు. అంచు పళ్ళకి ఆనించాను. చల్లగా, టిక్కుమని. తర్వాత పసుపుది. టిక్. పొట్టి పచ్చది. టిక్. ఒక్కొక్కటి పెట్టినప్పుడల్లా ఊపిరి తేలికవుతోంది, మరొకటి అందుకుంటున్నాను. ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూస్తే ఏమనుకునేవాళ్ళో. నలభై ఏడేళ్ళ కాలేజీ లెక్చరరు, కూజాలు కొరుకుతోంది.

నీలంది చివరికి ఉంచాను. అది నాది. ఫ్యాక్టరీ మూసిన ఏడాది నా పుట్టినరోజుకి ఇచ్చాడు వెండెల్. చిన్నది, గుప్పిట్లో పడుతుంది. వాన వచ్చేముందు మబ్బు రంగు, మెరుపు అసలే లేదు. ఇచ్చినప్పుడు, నేనేమీ అడక్కుండానే అన్నాడు: "దీని మీద ఒక్క చెయ్యి పడలేదు గ్రెచ్. ఇంక ఇలాంటివి మనం కొనలేం. అందుకే దీన్ని నీకిస్తున్నాను."

పళ్ళకి ఆనించాను.

కొంచెం తిప్పి మళ్ళీ ఆనించాను. ఒకవైపు టిక్కుమంది. రెండోవైపు, బొటనవేలంత మేర, ఏమీ అనలేదు. గోరువెచ్చగా ఉంది.

అన్నీ ఎక్కడివక్కడ సర్దేశాను. దుమ్ము తుడవడం మర్చిపోయాను.


ఏప్రిల్ 14

అది వెండెల్ చేసింది కాకపోవచ్చు. అంతకుముందు ఎవరో చేయించి ఉండొచ్చు, అతనికి తెలిసి ఉండకపోవచ్చు. అతన్నే ఎవరో మోసం చేసి ఉండొచ్చు.

మెరవని పూతని అతకడం ఇదే మొదలు అన్నాడు మార్చిలో.

అడిగితే చెప్తాడు. అడిగితే అబద్ధం చెప్పడు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. అడగాల్సింది నేనే.


ఏప్రిల్ 17

అడగలేదు.


ఏప్రిల్ 20, ఈస్టర్

వెండెల్ తమ్ముడి కుటుంబం వచ్చింది. హామ్, తియ్యటి బ్రెడ్డు, పిల్లల గోల. వాళ్ళు వెళ్ళాక గిన్నెలు కడుగుతుంటే వెండెల్ వెనక నిలబడి, "నీలందాన్ని జరిపావా?" అన్నాడు.

"దుమ్ము తుడిచాను."

"ఓ."

ఇంకేదో అంటాడేమోనని నీళ్ళు ఆపాను. తుడిచే గుడ్డ తీసుకుని వెళ్ళిపోయాడు. లుయెల్లాకి ఫోను చేశానని తర్వాత చెప్పాడు. వచ్చే ఆదివారం. ఏమిటో చెప్పలేదట, వచ్చి చూడమన్నాడట.

నాకు కోపం లేదు. ఉంటే రాసుకునేదాన్ని.


ఏప్రిల్ 27, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి మార్చేసుకుంటాను.

లుయెల్లా చర్చి నుంచి తిన్నగా వచ్చింది. నీలం కోటు, జుట్టు చుట్టించుకుని. "ఏమిటి వెండెల్ ఇంత రహస్యం? గ్రెచెన్‌కి ఈ వయసులో నెల తప్పిందా ఏం?" అంటూ వచ్చింది. నేను రుబార్బ్ కాడలతో చేసిన తియ్యటి పై కోశాను. ఎవరూ తినలేదు.

వెండెల్ కూజా తెచ్చి ఆవిడ ముందు పెట్టి చెయ్యి తీశాడు. ఒక్క మాట అనలేదు.

లుయెల్లా వెంటనే ఎత్తలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. "ఆల్డర్ రన్," అంది. "రెల్లు. మంచిది. చాలా మంచిది. ఎవరు…" మా ఇద్దరి ముఖాలు చూసింది. ఆ చూపుతోనే ఆవిడకి తెలిసిపోయింది. కళ్ళజోడు తీసి కోటుకి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కూజాని రెండు చేతుల్తో పక్కకి వంచి అడుగు చూసింది.

పిట్టపాదం మీద బొటనవేలు పెట్టి ఉంచింది.

"మా అమ్మ చెప్పేది," అంది చివరికి. "వాళ్ళమ్మకి అక్షరాలు రావట. మిగతా అమ్మాయిలంతా పేరులో అక్షరాలు గీసేవాళ్ళు. ఈవిడ పెరట్లో కోడిని చూసి కాలు గీసిందట. మేస్త్రీ నవ్వితే, అక్షరాలు ఎవరైనా గియ్యగలరు, కోడి కాలు గియ్యి చూద్దాం అందట." నవ్వింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "కోడి కాలమ్మాయ్. నేను ఇన్నాళ్ళూ మీకందరికీ పిట్టపాదం అని గొప్పగా చెప్పాను."

వెండెల్ కూడా నవ్వాడు. అతని కళ్ళూ తడిశాయి. అది నటన కాదు. ఇది రాసి ఉంచాలి.

లుయెల్లా కూజాని నిలబెట్టి ఆకుల మీద వేళ్ళు నడిపించింది. కింది నుంచి పైకి, నెమ్మదిగా, ఒక్కొక్క ఆకు. ఆకులు అయిపోయాయి. వేలు మెడ దాటింది. మూతి దగ్గరికొచ్చి ఆగి, అంచు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"ఇదిగో, ఇక్కడ," అంది. "ఆకులంటే పుల్లతోనో కత్తితోనో ఒత్తుతారు. అంచు మాత్రం తడి వేలితోనే నునుపు చేస్తారు. ఇలా తిప్పుతూ. ఆవిడ వేలు ఇక్కడే తిరిగి ఉంటుంది." తిప్పింది, ఇంకా తిప్పింది. తర్వాత వంగి ఆ అంచుని ముద్దు పెట్టుకుంది.

పళ్ళతో కాదు. పెదవులతో.

వెండెల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఇంక నేనేమీ అడగను వెండెల్," అంది. "ఏమివ్వాలో చెప్పు, ఇస్తాను. వేరే మాట అడిగితే నా నోరు పడిపోతుంది."

"అడగండి," అన్నాను.

నా గొంతే. అంటానని నాకు ముందు తెలియదు. ఏప్రిల్ 2 నుంచి కొన్ని డజన్ల వాక్యాలు తయారుచేసుకున్నాను, వాటిలో ఇది లేదు.

"ఏమిటమ్మాయ్?"

"వెండెల్‌ని అడగండి లుయెల్లా. సంతలో అందరినీ అడిగేది అడగండి."

వెండెల్ నా వైపు తిరగలేదు. వెనక నుంచి అతని మెడ కనిపిస్తోంది. లుయెల్లా నన్ను చూసింది. ఆవిడ ముఖంలో ముందు వచ్చింది కోపం. నా మీద. సొంత మొగుణ్ణి వచ్చినవాళ్ళ ముందు దొంగ అంటున్నందుకు. ఆ కోపం మెల్లగా ఇంకోలా మారడం చూశాను. వేలు ఇంకా అంచు మీదే ఉంది. తీసేసింది.

"చెయ్యి పడిందా వెండెల్?" అంది. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"పడింది," అన్నాడు వెంటనే. "మెడ దగ్గర్నుంచి పైదాకా నాదే. కింద ఏమీ ముట్టుకోలేదు. దొరికినప్పుడు సగం మూతి లేదు, మిగతాది బీటలు."

ఒక్క మాట దాచలేదు. తడబడలేదు. అడిగితే చెప్తానన్నాడు, చెప్పాడు.

"అయితే ఇందాకటి నుంచి నేను నిమిరింది నీ చేతినన్నమాట," అంది లుయెల్లా.

ఆవిడ లేచి, కోటు గుండీలు పెట్టుకుని, రుబార్బ్ పై మీద గుడ్డ కప్పింది. ఈగలు వాలతాయని. కూజా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.


ఏప్రిల్ 28

వెండెల్ మాట్లాడుతున్నాడు. కాఫీ ఉందా. టపా వచ్చిందా. వాన పడేట్టుంది.


ఏప్రిల్ 30

ఇవాళ అన్నాడు, మెట్ల మీద నిలబడి: "నువ్వే చెప్పేస్తే నేను కాదనేవాణ్ణి కాదు. 'వెండెల్ మూతి కట్టాడు' అని నువ్వు మామూలుగా అనేసినా సరిపోయేది. ఆవిడ చేత అడిగించావు. ఆవిడ ఎన్నడూ నోటితో అననని చెప్పిన మాట, నా మీదే అనిపించావు. ఎందుకు గ్రెచ్?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను."

"లేదు," అన్నాడు. "చూడలేదు నువ్వు."


మే 4, ఆదివారం

లుయెల్లా ఫోను. నేను ఎత్తితే, "వెండెల్‌నివ్వు," అంది. అతను విన్నాడు, "సరే," అన్నాడు, "మీ ఇష్టం," అన్నాడు, పెట్టేశాడు.

"కూజా కావాలట," అన్నాడు. "మూతి తీసేసి ఇమ్మంటోంది. దొరికింది దొరికినట్టు."


మే 10, శనివారం

వెండెల్ ఈ పని బేస్‌మెంట్‌లో చెయ్యలేదు. పొద్దున వంటింటి బల్ల మీద, నా ముందే చేశాడు. అతుకు కరిగించే మందులో ముంచిన దూది మెడ చుట్టూ కట్టి కూర్చున్నాడు. ఇల్లంతా ఘాటు. కిటికీలు తెరిచాను. కాసేపటికి పచ్చరంగు కారింది, దాని కింద తెల్లటి ముద్ద మెత్తబడింది, పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. చెక్కపుల్లతో తీశాడు. మట్టి మీద ఎక్కడా గీత పడకుండా, కట్టినప్పుడు ఎంత జాగ్రత్తగా కట్టాడో అంత జాగ్రత్తగా.

"నీ పనుల్లో ఇదే గొప్పది," అన్నాను.

"తెలుసు."

ముద్దంతా పాత పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేశాడు. చేతులు కడుక్కుంటూ, నాకు వీపు చూపిస్తూ అన్నాడు: "నీలందాని గురించి కూడా ఏదో ఒకరోజు అడుగుతావనుకుంటున్నాను."

బల్ల మీది దూది ఏరడం ఆపాను.

"అడిగితే?"

"చెప్తాను."

పంపు కట్టేశాడు. గుడ్డ తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. నా కోసమే నిలబడ్డాడు, ఎంతసేపు అవసరమో అంతసేపు. నేను కిటికీలు మూశాను.


మే 11

వెండెల్ వెళ్ళనన్నాడు. కూజా నేనే తీసుకెళ్ళాను.

లుయెల్లా దాన్ని ముందుగదిలో, టోపీ ఫొటో పక్కన పెట్టింది. పగిలిన వైపు గోడకి తిప్పుతుందనుకున్నాను. గదివైపే పెట్టింది.

"ఇలాగే బావుంది," అంది. అని, ఒక నిమిషం ఆగి, "అబద్ధం. బాలేదు. ఆ మూతితో ఎంత బావుందో. కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది," అంది.

కూర్చోమనలేదు. నిలబడే అన్నాను, "ముందే చెప్పాల్సింది."

"అవును, చెప్పాల్సింది. చర్చిలో నా పక్కన కూర్చున్నావు. ఆవిడది గుండీ కూడా లేదని నేను ఏడుస్తుంటే విన్నావు. అప్పటికే మీ ఇంట్లో ఉంది కదూ?"

"ఉంది."

"వెండెల్ సంగతి నాకర్థమవుతుంది. పనిపోయిన మగాడు, భయం. చెప్పకూడదనుకున్నాడు, అడిగితే చెప్పాడు. నీ సంగతే అర్థం కావడం లేదమ్మాయ్. నీకు నా మీద జాలి ఉంటే నాకు ఫోను చేసి చెప్పేదానివి. వెండెల్ మీద ప్రేమ ఉంటే నోరు మూసుకునేదానివి. నువ్వు రెండూ చెయ్యలేదు. ఆ ముద్దు పెట్టుకునేదాకా చూశావు."

నేనేదో అన్నాను. నాకూ అప్పుడే తోచిందని, ఆవిడ అంచుని ముట్టుకున్నాకే తట్టుకోలేకపోయానని. అన్నీ నిజాలే.

"కావచ్చు," అంది. వాకిలి దాకా వచ్చి, "మెట్టు జారుడుగా ఉంది, చూసి దిగు," అంది.


మే 18

బృందం ఇవాళ కలిసింది. మేం వెళ్ళలేదు. వెండెల్ గడ్డి కోశాడు.


మే 21

ఒట్టో ఫోను చేశాడు. క్యాబేజీ గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడాడు. చివరికి, "వెండెల్ నాకు అమ్మిన ఆ పెద్ద పచ్చది ఉంది చూడు…" అని ఆగాడు. "ఏం లేదులే గ్రెచెన్. ఊరికే. దాన్ని చూస్తూ ఉంటే మీరు గుర్తొచ్చారు." పెట్టేశాడు.

లుయెల్లా వెళ్ళి చెప్పి ఉండదు. మూతి ఏమైందని ఎవరో అడిగి ఉంటారు. అడిగితే చెప్పి ఉంటుంది.

వెండెల్‌కి ఈ ఫోను సంగతి చెప్పాను. తలూపాడు. సోమవారం నుంచి హార్డ్‌వేర్ కొట్లో పనికి వెళ్తానన్నాడు, వాళ్ళు మనిషిని వెతుకుతున్నారట.


జూన్ 1, ఆదివారం

వెండెల్‌కి కొట్లో ఎర్ర ఆప్రన్ ఇచ్చారు. బాగానే ఉందంటున్నాడు. రాత్రి అన్నం తిన్నాక నా పక్కన సోఫాలో కూర్చుంటున్నాడు, మునుపటిలాగే. ఒకసారి పాదాలు నా ఒళ్ళో పెట్టాడు. రోజంతా నిలబడటంతో వాచాయి. పట్టాను.

మొన్నటి నుంచి లుయెల్లా మాటకి జవాబు రాద్దామని కూర్చుంటున్నాను, ఉత్తరం కాదు, ఇక్కడే. ఎలా మొదలుపెట్టినా నేను మంచిదాన్నయిపోతున్నాను, లేదా మరీ చెడ్డదాన్నయిపోతున్నాను. రెండూ చదవడానికి బాగానే ఉన్నాయి, అందుకే రెండింటినీ కొట్టేశాను.

ఆవిడ ముద్దు పెట్టుకున్నప్పుడు ఇంక చూడలేను, ఆపాలి అనుకున్నాను. అది నిజం. అదే క్షణంలో వెండెల్ మెడ చూస్తూ, ఇప్పుడు తెలుస్తుంది నీకు అనుకున్నాను. అదీ నిజం. ఏది ముందు వచ్చింది, ఏది నా నోరు తెరిపించింది? మా ఇంట్లో అల్మారాలోవన్నీ టిక్కుమని ఉంటే ఆ ఆదివారం నేను కాఫీ పోసి ఊరుకునేదాన్నా? ఊరుకునేదాన్నని ఒకరోజు అనిపిస్తుంది. ఊరుకోలేకపోయేదాన్నని మరుసటి రోజు ఒట్టేసి చెప్పగలను.

మామూలుగా నేను ఇలాంటి చోట, రెండూ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి అని రాసి పుస్తకం మూసేస్తాను. ఈసారి అలా రాయబోవడం లేదు. నోటినుంచి వచ్చింది ఒక్క మాట. దాని వల్ల ఒక మనిషి బతుకుదెరువు పోయింది, ఒక ముసలావిడకి ముద్దు పెట్టుకోవడానికి అంచు లేకుండా పోయింది. ఆ మాట లుయెల్లా కోసం అన్నానో, వెండెల్‌ని కొట్టడానికి అన్నానో నాకు తెలియదు. నీలందాని గురించి అతన్ని అడిగితే తెలుస్తుందేమో. అడగాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్నాను.